పుట్టకొక్కూ, కుసుమపువ్వూ

నేను కొత్తకోడలిగా మెదక్ వచ్చింది 1979 వేసవిలో. తొలకరి పడ్డ నాలుగో రోజు పొద్దున్నే మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "కొక్కులు తింటవా బిడ్డా?" అని అడిగారు.

నా గుండె జారిపోయింది. మాది కాకినాడ. మా వైపు కొక్కు అంటే ఒక్కటే, పందికొక్కు. గాదె కింద బొరియ తవ్వుకుని ఉండే ఆ జంతువును అత్తగారింట్లో కూర వండుకుంటారని పెళ్ళిచూపుల నాడు ఎవరూ చెప్పలేదు. "అబ్బే, నాకు అలవాటు లేదండీ" అన్నాను గొంతు తడారిపోతుంటే. "గదేంది, ఏడాదికోసారి దొరికేటియి. తిని చూడు, మల్ల నువ్వే అడుగుతవు" అంటూ ఆవిడ పెరట్లోకి నడిచారు. నేను వెనకాలే, ఏడవడానికి సిద్ధంగా.

పెరట్లో ఒక ముసలామె గంప దించుకుని కూచుంది. నిజానికి అప్పటికి ఆమెకి నలభై అయిదేళ్ళుంటాయేమో. నాకు ఇరవై ఒకటి కాబట్టి ముసలామెలాగే కనిపించింది. గంప మీద మోదుగాకులు కప్పి ఉన్నాయి. ఆకులు తీసేసరికి లోపల తెల్లగా, మట్టి మరకలతో, ఇంకా విచ్చుకోని చిన్న చిన్న గొడుగులు.

"ఓస్, పుట్టగొడుగులా!" అని గట్టిగా నవ్వేశాను. ఎందుకు నవ్వానో చెప్పాక మా అత్తగారూ ఆ గంప అవ్వా నాకంటే ఎక్కువ నవ్వారు. ఆ వానాకాలమంతా వీధిలో కనిపించిన ప్రతివాళ్ళకీ ఆ కథ చెప్పారు.

ఆ రోజు కూర కుసుమ నూనెలో చేశారు. మా అత్తగారి పుట్టిల్లు జహీరాబాదు వైపు. ఏటా అక్కణ్ణించి గానుగ ఆడించిన కుసుమ నూనె డబ్బా ఒకటి వచ్చేది. మూకుట్లో నూనె కాగాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి ముద్ద, ఆ పైన చేత్తో చీల్చిన కొక్కులు. నీళ్ళు పోయక్కర్లేదు, వాటి నీరే ఊరుతుంది. జొన్నరొట్టెతో తిన్నాను. రుచి సంగతి ఇక్కడ రాస్తే మీకూ నాకూ కూడా పని జరగదు.

ఆ మూకుట్లో కలిసిన రెండింటి గురించే ఈ నాలుగు మాటలూ. ఒకటి ముళ్ళ చెట్టు పెట్టిన నూనె. ఇంకోటి విత్తనం లేకుండా వచ్చిన గొడుగు. వీటి పూర్వోత్తరాలు తెలుసుకుందామని కూచుంటే, ఒకదానికి ఈజిప్టు రాజుల దగ్గర్నుంచీ చరిత్ర దొరికింది. రెండోదానికి చాలాకాలం పాటు చరిత్రే కనిపించలేదు. ఎందుకా అని ఆలోచిస్తే విషయం కొంచెం దూరం పోయింది.

కుసుమ సంగతి ముందు చెబుతాను. చూడనివాళ్ళకి పోలిక చెప్పాలంటే, ఒంటినిండా ముళ్ళున్న చేమంతి అనుకోండి. చుట్టరికం కూడా నిజమే. చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు, కుసుమ, అన్నీ ఒకే కుటుంబం. ఇంగ్లీషువాళ్ళు థిసిల్ అని ఒక ముళ్ళ పూలజాతిని పిలుస్తారు. స్కాట్లాండువాళ్ళకి అది జాతీయ చిహ్నం కూడాను. మన కుసుమ ఆ జాతికి వరసైన మొక్కే. లేతగా ఉన్నప్పుడు ఆకు కూర వండుకోవచ్చు. ముదిరితే ఆకు అంచులన్నీ సూదులు. పువ్వు పసుపుగా విచ్చి, రోజులు గడిచేకొద్దీ నారింజకీ ఎరుపుకీ తిరుగుతుంది. ఎండిపోతూ రంగు తెచ్చుకునే పువ్వు మరోటి నేను చూడలేదు.

వానాకాలం వెళ్ళాక, నల్లరేగడిలో మిగిలిన తేమను నమ్ముకుని వేసే పంట అది. వేరు ఆరడుగులు దాటి లోపలికి దిగి, అడుగున ఉన్న నీటిని వెతుక్కుంటుంది. అందుకే జహీరాబాదు, నారాయణఖేడ్ వైపు రైతులకి అది పాత చుట్టం. (ఆ రెండూ అప్పట్లో మెదక్ జిల్లాలోవే. 2016లో జిల్లాని మూడు చేశాక సంగారెడ్డిలోకి వెళ్ళాయి.) శనగకో జొన్నకో చుట్టూ నాలుగు వరసలు కుసుమ వేస్తే కంచె ఖర్చు లేదు, పశువు మూతి పెట్టదు. కోత మాత్రం ఆడవాళ్ళ పని. తెల్లవారుజామున, మంచుకి ముళ్ళు మెత్తబడి ఉన్నప్పుడు, చేతులకి గుడ్డలు చుట్టుకుని కోయాలి. ఎండెక్కితే ముల్లు గట్టిపడుతుంది, గింజ రాలుతుంది. మా అత్తగారి అరచేతుల్లో చిన్నప్పటి కుసుమ ముళ్ళ మచ్చలు చివరిదాకా ఉన్నాయి.

ఇప్పుడు చరిత్ర చూడండి. ఈజిప్టులో మమ్మీలకి చుట్టిన బట్టల్లో కుసుమ రంగు అద్దినవి దొరికాయి. మమ్మీల మీద వేసిన పూలదండల్లో కుసుమ పూలు దొరికాయి. 1922లో హోవార్డ్ కార్టర్ తవ్వి తీసిన టుటన్‌ఖామెన్ సమాధిలో కుసుమ గింజలు కూడా ఉన్నాయి. మూడువేల మూడువందల ఏళ్ళ నాటి గింజలు! మెదక్‌లో అదే కాలంలో పెద్ద చర్చి సగం లేచి నిలబడి ఉంది. 1914లో మొదలుపెట్టి, కరువు కాలంలో జనానికి పని చూపిస్తూ కట్టించిన పోస్నెట్ దొరగారు 1924 క్రిస్మస్ నాటికి దాన్ని పూర్తి చేశారు.

జపానులో ఆడవాళ్ళు పెదాలకి పూసుకునే ఎరుపు కుసుమ నుంచే తీసేవారు. మన దగ్గర కుసుంభ అని సంస్కృతంలో పేరు. పెళ్ళి బట్టలకీ పండగ బట్టలకీ అద్దిన ఎరుపు అది. ఈ రంగు తీసే పద్ధతి వింటే మన వంటింటి పనిలాగే ఉంటుంది. రేకల్ని నీళ్ళల్లో మళ్ళీ మళ్ళీ పిసికి కడిగితే పసుపు రంగంతా పోతుంది. ఆ పసుపు పనికిరాదు. మిగిలిన పిప్పిని బూడిద నీళ్ళలో నానేస్తే అప్పుడు ఎరుపు దిగుతుంది. అందులో నిమ్మరసంలాంటి పులుపు పిండి బట్ట ముంచితే రంగు పడుతుంది. అంత శ్రమపడ్డా నాలుగు ఉతుకులకీ, నాలుగు ఎండలకీ వెలిసిపోతుంది.

ఈ వెలిసిపోయే గుణాన్ని మన పండితులు ఊరికే వదల్లేదు. పధ్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో ప్రేమని మూడు రంగులుగా విడదీశాడు. నీలిమందు ప్రేమ పైకి మెరవదు, కానీ పోదు. మంజిష్ఠ ప్రేమ మెరుస్తుంది, పోదు కూడా. కుసుంభ ప్రేమ మాత్రం బాగా మెరుస్తుంది, ఇట్టే పోతుంది. ఇది చదివి మావారికి వినిపించి, "మీది ఏ రంగండీ?" అని అడిగాను. ఆయన పేపరు దించకుండా "ముందు కాఫీ ఇయ్యి, చెప్తా" అన్నారు. నీలిమందే అని సమాధానపడ్డాను.

మావారిది తాలూకా ఆఫీసు ఉద్యోగం. ఆయనకీ కుసుమకీ ఇంకో సంబంధం కూడా ఉందని తర్వాత తెలిసింది. ఇంగ్లండులో సర్కారు కాగితాలు కట్టే నాడాకి ఎరుపు వచ్చింది కుసుమ రంగుతోనే. ఫైలు కదలకపోతే ఇవాళ్టికీ అందరూ తిట్టే 'రెడ్ టేప్' పుట్టింది అక్కడే. ఆ రంగు కోసం బెంగాలు నుంచి ఎండిన కుసుమరేకలు ఓడలకెక్కేవి. 1856లో లండనులో పెర్కిన్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు క్వినైను తయారు చేయబోయి, తారు నుంచి ఊదారంగు తీశాడు. ఆ వెనకాలే తారు ఎరుపులూ వచ్చిపడ్డాయి. కొద్ది దశాబ్దాల్లో కుసుమ ఎరుపు అడిగేవాడు లేకుండా పోయాడు. చెట్టు మాత్రం చావలేదు. రంగు పోయినా గింజలో నూనె ఉంది కదా. దీపానికీ మూకుటికీ అదే ఆధారమయింది. ఇరవయ్యో శతాబ్దంలో గుండెకి మంచిదని డాక్టర్లు చెప్పాక సీసాల్లోకి కూడా ఎక్కింది. తర్వాత సోయా, పామాయిలు వచ్చి అదీ వెనకబడింది, దేశంలో కుసుమ సాగు ఎంతో తగ్గిపోయింది. ముళ్ళు లేని రకాలు కూడా తయారుచేశారు. కోతకి సుఖమే. అయితే అడవిపందులు ఎక్కువైపోయిన ఊళ్ళలో మళ్ళీ చేను చుట్టూ ముళ్ళ కుసుమే వేసుకోమంటున్నారు.

అంటే ఏ కాలంలో చూసినా కుసుమ ఎవరో ఒకరి లెక్కల్లో ఉంది. విత్తారు కాబట్టి పంట, పంట కాబట్టి శిస్తు, శిస్తు కాబట్టి కాగితం. 1753లో స్వీడన్ పండితుడు లిన్నేయస్ ప్రపంచంలోని మొక్కలన్నిటికీ జంటపేర్లు పెట్టినప్పుడు, దీనికి పెట్టిన పేరులోనే 'రంగు వేసేది' అన్న మాట చేర్చాడు.

ఇహ పుట్టకొక్కు. దాన్ని ఎవరూ విత్తలేదు. అది ఎవరి చేనుదీ కాదు. రెండురోజులు మించి నిలవదు, ఎండబెట్టి ఓడకెక్కించేది కాదు. మృగశిర కార్తెలోనో ఆరుద్రలోనో ఉరిమితే వస్తుందంటారు. ఏ పటేలూ దాని మీద పన్ను వేయలేదు, ఏ పట్వారీ రాసుకోలేదు. తెలుగులో దానికి దక్కిందల్లా ఒక ఎత్తిపొడుపు, "పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తున్నాయి" అని. పోనీ అదైనా సరైనదా అంటే కాదు. ఏడాదికి నాలుగురోజులు, అదీ ఎంచుకున్న కొన్ని పుట్టల మీద మాత్రమే వచ్చే దాన్ని పట్టుకుని, లెక్కలేనన్ని వచ్చేవాటితో పోల్చడం ఏం న్యాయం? మా అవ్వ వింటే ఒప్పుకోదు. ఆమె తెల్లవారకముందే పోచారం అడవి అంచుదాకా నడిచి వెళ్ళి, కొన్నిసార్లు ఖాళీ గంపతో తిరిగొచ్చేది.

దీని గురించి రాసినవాడి కోసం వెతుకుతుంటే నాకు మా కాకినాడే ఎదురైంది. యోహాన్ కోనిగ్ అని ఒక వైద్యుడు ఉండేవాడు. 1728లో బాల్టిక్ ప్రాంతంలో పుట్టాడు. లిన్నేయస్ దగ్గరే చదువుకున్నాడు, కుసుమకి పేరు పెట్టిన అదే లిన్నేయస్. 1768లో డేన్‌వాళ్ళ మిషన్‌కి డాక్టరుగా తరంగంబాడి వచ్చి, ఆర్కాటు నవాబు దగ్గరా, తర్వాత కంపెనీ కొలువులోనూ పనిచేశాడు. మొక్కల పిచ్చి. ఆ పిచ్చిలోనే తమిళదేశపు చెదపుట్టలు తవ్వించి, లోపల ఏముందో కూచుని చూశాడు. 1779లో చెదల మీద జర్మనులో ఒక వ్యాసం అచ్చయింది. పుట్ట లోపలి గదుల్లో బూజులాంటిది పెరుగుతోందని, చెదపిల్లలకి అది తిండి అని అందులో రాశాడు. మనవాళ్ళు నాగులచవితికి పాలు పోసి దణ్ణం పెట్టుకుని వచ్చేసే చోట, ఆయన గునపంతో దిగాడన్నమాట.

ఆయన 1785లో జగన్నాథపురంలో చనిపోయాడు. జగన్నాథపురం అంటే మా కాకినాడలో వంతెన అవతలి పేట. చిన్నప్పుడు ఆ వంతెన మీద ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. దగ్గర్లో సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్, తర్వాతి రోజుల్లో భారతదేశపు మొక్కల మీద పెద్ద గ్రంథం రాసినాయన, ఈయనకి స్నేహితుడు. నా పుట్టింటి పేటలో కన్నుమూసిన మనిషి నా అత్తింటి కూర రహస్యం కనిపెట్టి పోయాడని తెలిసిన రోజున నాకు ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి అత్తగారు అప్పటికే లేరు.

ఆ రహస్యం ఇది. చెదలు కట్టెను నమిలి మింగుతాయి కానీ పూర్తిగా అరిగించుకోలేవు. ఆ నమిలిన పొట్టుని పుట్టలోపల తెట్టెలాగా పేర్చి, దాని మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుతాయి. అది పొట్టుని మెత్తబరుస్తుంది. దాన్నీ దాని మీద పుట్టే తెల్లటి గుళికల్నీ చెదలు తింటాయి. కలుపు రాకుండా చూసుకుంటాయి, తడీ గాలీ సరిచూసుకుంటాయి. వానలు పడి పుట్ట నానాక, ఆ పెంపకం నుంచే ఒక కాడ మట్టిని పొడుచుకుంటూ మూరెడు పైకొచ్చి గొడుగు విప్పుతుంది. మనం కూర వండుకునేది దాన్ని. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ ఈ జాతికి చెదల పేరు కలిపి టెర్మిటోమైసిస్ అని 1942లో పేరు పెట్టాడు. మన దక్షిణదేశంలో పెరిగే ఒక రకాన్ని మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ గారు ప్రపంచానికి పరిచయం చేసి, దానికి హైమ్ పేరు పెట్టారు. ఏ సంవత్సరమో తెలుసా? 1979. నేను పెరట్లో నిలబడి నవ్విన సంవత్సరం. కోనిగ్ వ్యాసం వచ్చి సరిగ్గా రెండువందల ఏళ్ళు.

చెదల ఈ సాగు మొదలై సుమారు మూడు కోట్ల ఏళ్ళయిందట. మనిషి విత్తు చల్లడం నేర్చి పదీపన్నెండు వేల ఏళ్ళు. ఇది చదివాక నాకు రెండు మొక్కలూ తారుమారయ్యాయి. (పుట్టగొడుగు మొక్క కాదని మా మనవడు సరిచేశాడు. అవునురా, కాదు.) ఊరివాళ్ళ దృష్టిలో కుసుమ పొలానిది, కొక్కు అడవిది. తీరా చూస్తే కొక్కు కూడా పంటే. రైతు మాత్రం మనం కాదు, అంతే. మనం చేను గట్టున రాలింది ఏరుకుంటున్నాం. అందుకే ముత్యపు చిప్ప పుట్టగొడుగుని వరిగడ్డి మీద ఇంట్లోనే పెంచగలుగుతున్నా, ఈ పుట్టకొక్కుని మాత్రం చెదలు లేకుండా పెంచడం ఎవరికీ చేతకాలేదు.

మెదక్‌కి మెతుకు అన్న మాట నుంచి పేరొచ్చిందని చెప్పుకుంటారు. మధ్యలో కొంతకాలం గుల్షనాబాద్ అనీ పిలిచారు, పూలతోటల ఊరు అని. ఒక పేరు తిండిది, ఒక పేరు పువ్వుది. పువ్వు పేరు పెట్టినవాళ్ళు పాలకులు. ఊళ్ళో నోళ్ళ మీద నిలిచింది తిండి పేరు.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. 1991 వానాకాలం. అవ్వకి జ్వరమని ఆ ఏడు రాలేదు. మా అత్తగారు మరిది దగ్గరికి హైదరాబాదు వెళ్ళారు. పెరట్లో గడ్డి మీద, తెల్లగా, పళ్ళెమంత గొడుగులు లేచాయి. పన్నెండేళ్ళుగా తింటున్నాను, నాకు తెలియదా అనుకున్నాను. అయినా జాగ్రత్త కోసం కూర ఉడుకుతుండగా వెండి చెంచా వేసి చూశాను. విషమైతే వెండి నల్లబడుతుందని ఎక్కడో చదివాను. చెంచా తళతళలాడుతూ పైకొచ్చింది. నిశ్చింతగా వడ్డించాను.

రెండు గంటల్లో మావారికీ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయికీ, నాకూ వాంతులు మొదలయ్యాయి. అర్ధరాత్రి రిక్షాలో ఆసుపత్రికి. పిల్లకి చేతులు చల్లబడిపోయాయి. తెల్లవార్లూ సెలైన్ బాటిలు వంక చూస్తూ, దేవుడికి ఏమేం మొక్కుకున్నానో నాకే గుర్తు లేదు. మూడోరోజుకి ముగ్గురం కోలుకున్నాం. డాక్టరుగారు నా చెంచా కథ విని తల పట్టుకున్నారు. వెండికీ ఆ విషానికీ ఏ సంబంధమూ లేదు. పసుపు, వెల్లుల్లి వేసి రంగు చూడటమూ అంతే. వండితే విరుగుతుందనుకోవడం ఇంకా ప్రమాదం. "వెంటనే వాంతులయ్యాయి, అదృష్టవంతులు. ప్రాణం తీసే రకాలు ఆరు గంటలు, పన్నెండు గంటలు ఊరుకుని అప్పుడు బయటపడతాయి. అప్పటికి కాలేయం పోతుంది" అన్నారాయన.

జ్వరం తగ్గి అవ్వ చూడటానికొచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. పిల్ల తల నిమురుతూ కూచుని, "ఏడ మొలిచినయమ్మా?" అంది. పెరట్లో గడ్డి మీద అన్నాను. "పుట్ట లేదా?" లేదన్నాను. "పుట్ట లేంది పుట్టకొక్కెట్లయితదమ్మా?" అంది.

అంత చిన్నమాట నాకు తట్టలేదు, చూశారా. పేరులోనే ఉంది!

"మరి నువ్వెలా పోలుస్తావు అవ్వా?" అని అడిగాను. "నేను కొక్కును పోల్వ. పుట్టను పోలుస్త. మా అవ్వ చూపెట్టిన పుట్టలు పదకొండు. ఆ పుట్టల మీదియే తెస్త. కొత్త జాగల ఎంత మంచిగ కనవడ్డా ముట్ట" అంది. ఆమె తల్లి పెద్దచర్చికి రాళ్ళు మోసిన మనిషట. ఆ కరువులో పనిలేని రోజున పిల్లల్ని వెంటేసుకుని ఈ పుట్టల చుట్టూ తిరిగేదట. అప్పుడు నేర్చిన దారి. "కుసుమకు ముల్లున్నది. దగ్గరికి రావొద్దని ముందుగాలనే సెప్తది. కొక్కు ఏం జెప్పది. మంచిది జెప్పది, చెడ్డది జెప్పది. మనిషే ఎరుక వెట్టుకోవాలె."

ముల్లున్నవన్నీ కుసుమంత నిజాయితీగా ఉంటాయని కాదు లెండి. రోడ్డు పక్కన పసుపు పూలతో బలురక్కసి ఉంటుంది చూడండి, కొందరు బ్రహ్మదండి అంటారు. ఆకు చూస్తే కుసుమ తోబుట్టువులా ఉంటుంది. అది నిజానికి మెక్సికో నుంచి వచ్చిన గసగసాల జాతి. దాని గింజ ఆవాల్లో కలిసి, ఆ నూనె తిని 1998లో ఢిల్లీలో జనం ఒళ్ళు వాచి చచ్చిపోయారు. కానీ అవ్వ చెప్పింది కుసుమ గురించి, అది మాత్రం నిజం.

ఆ మాట అప్పట్నుంచీ నాలో ఉండిపోయింది. కుసుమ గురించి తెలుసుకోవాలంటే పుస్తకాలున్నాయి, పరిశోధనా కేంద్రాలున్నాయి. తాండూరులో దాని కోసం శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. పదకొండు పుట్టల దారి మాత్రం ఒక మనిషి కాళ్ళల్లో ఉంది. అవ్వకి కూతుళ్ళు లేరు. కొడుకు పటాన్‌చెరులో ఫ్యాక్టరీ పనికి పోయాడు. కోడలికి అడవి అంటే భయం. నాకు చూపించమని రెండుమూడుసార్లు అడిగాను. "నీకెందుకమ్మా, నేను తెస్త గద" అనేది. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. వంటపని, పిల్లల చదువులు, వచ్చే ఏడు చూద్దాం అనుకునేదాన్ని.

2006 శ్రావణంలో మా అమ్మాయి పెళ్ళి. మా అత్తింటి వైపు పెళ్ళికి పుట్టబంగారం తేవాలి. కాకినాడవాళ్ళు కంగారుపడకండి, పుట్టమన్నునే ఇక్కడ అలా గౌరవంగా అంటారు. ఊరు పెరిగిపోయి దగ్గర్లో పుట్ట కనబడలేదు. చివరికి అవ్వనే అడిగాం. అప్పటికి డెబ్భై దాటింది, కర్ర పట్టుకుని ముందు నడిచింది. వెనక డప్పు, పసుపు కుంకుమలతో మేము అయిదుగురు ముత్తైదువులం. చెరువు వెనక, సీతాఫలం చెట్ల మధ్య నడుమెత్తు పుట్ట చూపించింది. పదకొండింట్లో ఒకటన్నమాట.

పూజ అయ్యాక మా పెద్దాడపడుచు గడ్డపార అందుకుని పక్కగా పొడిచింది. ఒక పెళ్ళ ఊడి పడింది. లోపల చిన్న గది. అందులో తేనెపట్టులా, స్పాంజిలా గోధుమరంగు తెట్టె ఒకటి, దాని మీద సగ్గుబియ్యం చల్లినట్టు తెల్లటి గుళికలు. చుట్టూ చెదలు కంగారుగా పరుగెత్తుతున్నాయి. అందరూ "ఛీ, చెద" అని వెనక్కి జరిగారు. నేను వంగి చూస్తూ ఉండిపోయాను. కోనిగ్ గురించి అప్పటికింకా నేను చదవలేదు. చూస్తున్నదేమిటో నాకు తెలియదు.

అవ్వకి తెలుసు. "చాలు, గీ పైమన్ను తీస్కోండ్రి, లోపల ముట్టకుండ్రి. గది దాని ఇత్తునం" అంది. కర్ర పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూచుని, కింద పడ్డ తెట్టె ముక్కని రెండు చేతులతో ఎత్తి మళ్ళీ ఆ గదిలో పెట్టింది. ఊడిన పెళ్ళని అడ్డంగా ఆనించి, తడిమట్టి మెత్తి, కన్నం పూడేదాకా అరచేత్తో రాసింది. డప్పు వాయించే అబ్బాయి ఆలస్యమవుతోందని తొందరపెట్టాడు. ఆమె తలెత్తకుండా "ఆగు కొడుకా" అని, ఇంకో గుప్పెడు మట్టి తీసుకుంది.